ముద్ర సుత్తి పట్టిన సముద్రపు దొంగ

మా బచేలి క్వార్టర్లలో సాయంత్రం అయిదున్నరకు పిల్లలంతా ఒక ఇంట్లో టీవీ ముందు చేరతారు. బొమ్మల కథ వస్తుంది. అందులో ఒక సముద్రపు దొంగ. ఒంటి కన్ను, కుచ్చు గడ్డం, లేస్తే నిధి, కూర్చుంటే నిధి. రంగులు బాగుంటాయి, ఉరుకులు బాగుంటాయి, గొంతే నాకు నచ్చదు. "వీడికి గొంతు పెట్టినాయన ఎవరోగాని, పెరుగన్నం తినొచ్చి మాట్లాడుతున్నాడు" అన్నాను ఒకనాడు. పిల్లలంతా ఒక్కసారి నా వైపు తిరిగారు.

"నువ్వయితే బాగా చేస్తావా తాతా?"

చేస్తావా కాదు, చేశాను. సంస్థానం రోజుల్లో ఏళ్ల తరబడి సముద్రపు దొంగగా నౌకరీ చేశాను. మీరు నమ్మలేదు కాబట్టే ఇది రాస్తున్నాను. నాలుగో తరగతిలో బడికీ నాకూ చెల్లిపోయింది. పంతులుగారు నన్ను వెళ్లగొట్టారని మావాళ్లు అంటారు, నేనే ఆయన్ని వదిలిపెట్టానని నేనంటాను. అందుచేత ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి.

అప్పటికి ఇదంతా బస్తరు సంస్థానం. కిరండూల్ దాకా రైలు లేదు, బచేలిలో ఈ క్వార్టర్లు లేవు. బైలాడీలా కొండ అంటే గీదం ఊరు దాటాక ఆకాశం అంచున ఎద్దు మూపురంలా కనబడే నీలి మరక. దాన్ని చూస్తే వాన ఎంత దూరంలో ఉందో తెలిసేది. అంతకుమించి దాంతో మాకు పని ఉండేది కాదు.

నేను దవాఖానాలో లాంతరు నౌకరును. లాంతరంటే చేతిలో పట్టుకు తిరిగేది కాదు. రేకు పెట్టె, లోపల కిరసనాయిలు దీపం, ముందు అద్దాల గొట్టం. మధ్యలో గాజు పలక దోపితే దానిమీది బొమ్మ ఎదుట కట్టిన దుప్పటి మీద ఏనుగంత పడుతుంది. మశూచికి టీకాలు వేసే టీకాల బాబు ఎద్దుబండి మీద ఊరూరా తిరిగేవాడు. వెంట నేనూ, లాంతరూ. ముందురోజు పొద్దు గూకగానే బొమ్మలు చూపించి జనాన్ని పోగుచేయడం నా పని. తెల్లారి వాళ్ల చేతులకు టీకా వేయడం ఆయన పని. ఆయన రాయపూర్ వైపు పెద్దమనిషి. తెలుగు అరువు తెచ్చుకున్నట్టు మాట్లాడేవాడు. నన్ను ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. "అరే మస్ఖరే" అనేవాడు. మస్ఖరా అంటే విదూషకుడు. తిట్టనుకునే అనేవాడు, బిరుదనుకుని నేను పలికేవాణ్ణి.

దవాఖానా ఇచ్చిన పలకలు దోమ, బావి, మంచం మీద రోగి. అవి వేస్తే పెద్దలు ఆవులించేవారు, పిల్లలు లేచిపోయేవారు. మా పాలిటి దేవుడు ఒక పాదిరి దొర. ఆయన తన దేశానికి తిరిగిపోతూ పిల్లల కథ పలకలు ఒక పెట్టెడు దవాఖానాకు వదిలిపోయాడు. ఓడ, దీవి, ఇద్దరు పిల్లలు, వాళ్ల కోతి, వాళ్ల వెంటపడే దొంగ. కొన్ని పలకలకు ఇత్తడి పిడి ఉండేది. అది లాగితే దొంగ కనుగుడ్డు గిర్రున తిరిగేది, దవడ ఆడేది. ఒక పలకలోనయితే నిధి పెట్టె మూతకు మేకులు కొడుతూ వాడి చెయ్యి పైకీ కిందికీ లేచేది. అడుగున కథ ఇంగ్లీషులో రాసి ఉండేది. నాకు ఇంగ్లీషు రాదు కనుక కథంతా నా ఇష్టం.

సముద్రం నేనూ చూడలేదు. "శబరి నదికి అవతలి ఒడ్డు లేదనుకోండి, అదే సముద్రం" అని చెప్పేవాణ్ణి. అలా చెప్పిన ప్రతిసారీ నా కళ్లముందు అవతలి ఒడ్డు మెల్లగా చెరిగిపోయేది. దీపం వెలుగు వెళ్లే దారిలో పొయ్యిల పొగ, ఎండాకుల ధూళి బంగారు చేపపిల్లల్లా ఈదుకుంటూ పోయేవి. ఎక్కడినుంచో ఇప్పపూల వాసన వచ్చేది. గాలికి దుప్పటి ఊగితే ఓడ కూడా ఊగేది. జనం దానితో పాటే కొంచెం ఇటూ కొంచెం అటూ ఒరిగేవారు, తమకు తెలియకుండానే. తల్లి ఒళ్లోని పసివాడొకడు నీళ్లు ముట్టుకుందామని చెయ్యి చాచేవాడు. నా నౌకరీలో నాకు దొరికిన నిధి ఏదన్నా ఉంటే ఆ కాస్త నిశ్శబ్దమే.

ఓడ బాగానే నడిచింది. చిక్కంతా నిధి దగ్గర వచ్చింది. దొంగ మన్ను తవ్వుతుంటే "ఏ గడ్డకోసం?" అని అడిగేవారు. కాదు, బంగారం అంటే కొంట అనే ఊరివైపు ఒక ముసలాయన "ఉడకబెడితే మెత్తబడ్తదా?" అన్నాడు. ఊరంతా విరగబడి నవ్వింది. నా దొంగ నిలబడ్డచోటే చచ్చాడు. నవ్వించడం నా ఒక్కడి హక్కు అనుకునేవాణ్ణి. ఎదుట కూర్చున్నవాడు నాకన్నా బాగా నవ్విస్తే కడుపు మండదా? ఆశపోతు అంటే ఎలాంటివాడో వీళ్లకు ఎలా తెలియజెప్పడం అని ఆ బండి మీద చాలా దూరం ఆలోచించాను.

దారి పక్కన టేకుచెట్లే నాకు జవాబు చెప్పాయి. అడవి కాపలా చూసే నాకేదారు దగ్గర ఒక సుత్తి ఉండేది. దాని మొహాన సంస్థానం గుర్తు. చెట్టు బెరడు అరచేయంత చెక్కి, ఆ తెల్లటి చోట సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే గుండ్రటి ముద్ర పడేది. ఇక ఆ చెట్టు సర్కారుది. దానికింద పుట్టి పెరిగినవాడయినా కొమ్మ విరిచాడంటే చిక్కే. ఆ దెబ్బ చప్పుడు తెలియని పిల్ల ఆ అడవుల్లో లేదు.

ఇంకేం! మేకులు కొట్టే దొంగ చేతిలోది ముద్ర సుత్తి అయిపోయింది. పిడి లాగుతూ నేను గొంతు బొంగురు చేసి అరిచేవాణ్ణి: "ఈ ఓడ నాది! ట్ఠప్! ఈ దీవి నాది! ట్ఠప్! ఈ కోతి నాది! ట్ఠప్!" పెద్దలు తొడలు చరుచుకుని నవ్వేవారు. వెనక వరసలో నాకేదారు కూర్చుని ఉంటే ఇంకా ఎక్కువ నవ్వేవారు. పిల్లలు భయంతో ఒకరినొకరు పట్టుకుని, భయం తీరగానే మళ్లీ చెయ్యమనేవారు. ఊరూరా "నాది, ట్ఠప్" మా బండికంటే ముందు చేరేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. శబరి ఒడ్డునే ఒక ఊరు. మావంటి తెలుగు మాట్లాడేవాళ్లు కొన్ని ఇళ్లు, అడవిని నమ్ముకున్న దోర్లవాళ్లు ఎక్కువ. అక్కడికి రెండు కోసుల, అంటే నాలుగు మైళ్ల దూరంలో ఇంకో ఊళ్లో అమ్మవారు పోసింది, అంటే మశూచి వచ్చింది. టీకాల బాబు బండివాణ్ణి తరిమి తరిమి తీసుకొచ్చాడు. మందు సన్నటి గాజు గొట్టాల్లో, తడిగుడ్డ చుట్టిన కుండలో ఉంది. అప్పటికే దారిలో ఎండ తిన్నది. ఇంకో పగలు గడిస్తే నీళ్లతో సమానం. మళ్లీ గీదం నుంచి కొత్తది తెప్పించాలంటే వారం పైమాట. అమ్మవారు అన్నాళ్లు రెండు కోసుల అవతల ఆగుతుందా?

ఆ సాయంత్రం ఆట అద్భుతంగా వచ్చింది. నా పాపం అదే. నది మీద తెల్లటి మంచు లేచింది. దుప్పటి ఎక్కడ ముగిసిందో, మంచు ఎక్కడ మొదలయిందో తెలియలేదు. దొంగ మంచులో నడిచి వస్తున్నట్టే ఉంది. పిల్లలు ఊపిరి బిగపట్టారు. ఓడ అయింది, దీవి అయింది, కోతి అయింది. జనం ఇంకా ఇంకా అంటున్నారు. నా నోరు ఆగలేదు. "ఇంకేం మిగిలింది? పిల్లలు! చాపండిరా చేతులు! ఇక్కడ, భుజం కింద! గుండ్రటి ముద్ర! ట్ఠప్! మీరూ నావాళ్లే! పదండి ఓడలోకి!"

టీకాల బాబు బండి దగ్గర రొట్టెలు కాల్చుకుంటున్నాడు. వినలేదు.

ఆయన పనిముట్టు ఎలా ఉంటుందో చెప్పలేదు కదూ. గుప్పిట్లో పట్టే పిడి, చివర గుండ్రటి చక్రం, దానికి సన్నటి పళ్లు. భుజం కింద మందు చుక్క వేసి, చక్రం అదిమి, ఒక్క తిప్పు తిప్పితే గుండ్రటి మచ్చ పడుతుంది. దాన్ని నేను కొన్ని వేలసార్లు చూశాను. అయినా నాకు తట్టలేదు. నవ్వులు వినబడుతున్నప్పుడు నాకు ఇంకేమీ తట్టదు.

తెల్లారి ఊళ్లో ఒక్క పిల్ల లేదు. కోళ్లున్నాయి, కుక్కలున్నాయి, ఉయ్యాలలు ఖాళీగా ఊగుతున్నాయి.

"అరే మస్ఖరే! బచ్చేలు ఏరి? ఏక్ భీ నహీ?" కుండను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని అడిగాడు టీకాల బాబు.

ఊరి పటేలు చుట్ట వెలిగించుకుని తీరిగ్గా వచ్చాడు. ఆయన కోపంగా లేడు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

"ఏందయ్యా లాంతరాయన, ముద్ర పడితే చెట్టు ఎవరిదైతది?"

"సర్కారుది."

"మరి పోరగాండ్లకు పడితే?"

"అది కథ పటేలూ! నవ్వడానికి!"

"నవ్వినం గద. పెయ్యంత నొప్పొచ్చేదాంక నవ్వినం. ఇంటికి పోయినంక మా ఆడోళ్లు ఒక్కమాటన్నరు: ఈ బాబు సంచిల గుండ్రటిదేందో ఉన్నది, పోయినేడు అవతలి ఊళ్ల చూసినం అని." ఆయన చుట్ట తీసి బాబు చేతిలోని చక్రంవైపు చూపించాడు. "నాకేదారు గూడ మొదలు నవ్వుకుంటనే వచ్చిండయ్యా."

నేను బాబుకు అంతా అనువదించి చెప్పాను. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మస్ఖరే అని కూడా అనలేదు. కుండ మీది గుడ్డ ఆరిపోతే నది నీళ్లతో తడిపి మళ్లీ చుట్టాడు. "జా" అన్నాడు. "వెళ్లు."

ఊరి వెనక ఒక వాగు, అది దాటాక అడవి. పిల్లలు ఎక్కడున్నారో వెతకనక్కరలేదు, చెట్లు గుసగుసలాడుతున్నాయి. ఆకుల సందుల్లోంచి పడే ఎండ నేలమీద గుండ్రటి మచ్చలుగా కదులుతోంది, ముద్రలే ముద్రలు, ఎటు అడుగు వేసినా. నాకు నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను. ఒక ఇప్పచెట్టు కొమ్మమీద ఎనిమిది తొమ్మిదేళ్ల ఆడపిల్ల కాళ్లు వేలాడేసి కూర్చుని ఉంది. మిగతావాళ్లకు అదే దళపతి అని చూడగానే తెలిసింది.

"ఆడ్నే నిలబడు" అంది.

నిలబడ్డాను. దొంగ అబద్ధమని చెప్పాను. రుజువుకోసం గాజు పలక ఒకటి జేబులో పెట్టుకొచ్చాను. ఒక పిల్లవాడు దిగివచ్చి తీసుకుపోయాడు. చెట్టు చెట్టుకూ చేతులు మారింది. పగటి వెలుతురులో అరచేయంత గాజు, దానిమీద చీమంత దొంగ. పిడి లాగి చూశారు. కన్ను తిరిగింది.

"గింతేనా?" అంది ఆ పిల్ల. ఆ గొంతులోని నిరాశ నాకు ఇప్పటికీ వినబడుతుంది. నేను వాళ్ల భయాన్ని చంపుదామని వెళ్లి సముద్రాన్ని చంపాను.

"అంతే తల్లీ. దొంగ లేడు, ఏమీ లేదు. దిగండి."

"దొంగ లేడు సరే. సుత్తి?"

"ఏమిటీ?"

"సుత్తి ఉన్నది గద. ఈ చెట్టుకు చూడు." కొమ్మమీదినుంచే కాలితో చూపించింది. వెనక టేకు మాను మీద గుండ్రటి ముద్ర, అంచులు ఎండి నల్లబడి. "ఇది కథనా?"

వెనక్కి తిరిగి వాగువైపు నడిచాను. చూసేవాళ్లుండగా ఆట మధ్యలో లేచిపోవడం నా వృత్తిలో అది మొదటిసారి.

ఊళ్లోకి ఒట్టిచేతులతో వచ్చేసరికి ఆడవాళ్లు పటేలు వాకిట్లో గుమిగూడి ఉన్నారు. అమ్మవారు రెండు కోసుల దూరంలో ఉందని వాళ్లకు మాకన్నా బాగా తెలుసు, చుట్టాలు ఆ ఊళ్లోనే ఉన్నారు. టీకా వద్దని ఎవరూ అనలేదు. ముద్ర ఎవరు కొడతారన్నదే వాళ్ల ప్రశ్న. పటేలు భార్య బాబు ఎదుట కూర్చుంది.

"నా బిడ్డకు నేనే కొట్టుకుంట. ఇటియ్యి."

"నహీ నహీ అమ్మా! కాయిదా లేదు! చెయ్యి తప్పితే పుండు పడుద్ది!"

"అయితే నువ్వే పట్టుకో. నీ చేతి మీద నా చెయ్యి ఉంటది. ముద్ర పడంగ మాట నేనంట. ఎవరి మాట పడితే వాళ్లదే గద?"

టీకాల బాబు కుండవైపు చూశాడు, పైన ఎండవైపు చూశాడు. ఇరవై ఏళ్లుగా కాయిదా, అంటే రూలు, తప్పని మనిషి. మెల్లగా ఆమెకు తన చెయ్యి ఇచ్చాడు.

ఆమె వాగువైపు తిరిగి కేకవేసింది. కొడుకులిద్దరూ వచ్చారు. చక్రం తిరుగుతుంటే ఆమె ఊరంతా వినబడేలా అంది: "మాది!" ఆ కేక వాగు దాటి అడవిలోకి వెళ్లింది. కాసేపటికి పిల్లలు ఒక్కొక్కరే నీళ్లలో అడుగులు వేసుకుంటూ రావడం మొదలుపెట్టారు. మధ్యాహ్నమంతా అదే. బాబు ముడతల చెయ్యి, దానిమీద ఒక్కో తల్లి చెయ్యి. గాజుల చెయ్యి, పచ్చబొట్టు చెయ్యి, పేడ ఆరని చెయ్యి. "మాది!" "మా ఇంటిదే!" "నాదిరో, ఎవడొస్తడో రమ్మను!" ఒక తండ్రి సిగ్గుపడి మెల్లగా అంటే ఆడవాళ్లు మళ్లీ అనిపించారు. నేను చుక్కలు వేస్తూ కూర్చున్నాను. ఆ ఎండలో, ఆ కేకల మధ్య, అంతా ఎవరో నిద్రలో చెప్పుకుంటున్న కథలాగా నా పక్కనుంచి జరిగిపోయింది. నేను లేకుండా, నాకన్నా బాగా.

ఆ యేడు అమ్మవారు ఆ ఊరి పొలిమేర తొక్కలేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తరవాత చెప్పాల్సింది దానిగురించి కాదు. ఆ తరవాత నా దొంగ కూడా సుత్తి పట్టలేదు. మళ్లీ గడ్డలు తవ్వుకున్నాడు.

చివరికి ఇప్పచెట్టు పిల్ల మిగిలింది. పటేలు చెప్పాడు: నాలుగేళ్ల కింద ఎగువ ఊళ్లో అమ్మవారు పోసినప్పుడు దాని ఇంట్లో అదొక్కతే మిగిలిందట. ఎవరో ఎత్తుకొచ్చారు. అప్పటినుంచి ఈ ఊళ్లో ఒకపూట ఒకరింట తింటుంది, చలికి ఎవరి నెగడు దగ్గర చోటుంటే అక్కడ పడుకుంటుంది. ఎవరూ లోటు చేయలేదు.

ఆ పిల్ల వచ్చి చెయ్యి చాపింది. బాబు చక్రం ఆనించాడు. మాట ఎవరనాలి? ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెప్పపాటే. వెంటనే నలుగురు ఒక్కసారిగా "మాదే! మాదే!" అన్నారు. ప్రేమగానే అన్నారు. కాని ఆ రెప్పపాటు ఆ పిల్ల విన్నది. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అందరు కాదు. ఒక్కరనాలె."

అది చుట్టూ చూసి, వేలు నావైపు చూపింది. "నువ్వను."

"నేనా? నేను రేపు వెళ్లిపోయేవాణ్ణి!"

"నువ్వే గద మొదలువెట్టింది."

జనం నవ్వారు. నవ్వు వినబడితే నేనేం చేస్తానో మీకు తెలుసు. ఛాతీ విరిచి, కన్ను గిర్రున తిప్పి, బొంగురు గొంతుతో "నా...ది! ట్ఠప్!" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. "ఆ గొంతు కాదు. దొంగది కాదు. నీది."

నాది? అన్ని ఊళ్లలో అన్నేళ్లు ఆ మాట అరిచాను. ఓడను అన్నాను, దీవిని అన్నాను, కోతినన్నాను. ఒక్కసారయినా నా గొంతుతో దేన్నీ అనలేదని అప్పుడు తెలిసింది. నా గొంతు ఎలా ఉంటుందో వెతుక్కోవలసి వచ్చింది. దాని భుజం మీద మందు చుక్క ఎండలో ఆరిపోతోంది. అందరినీ అదిలించే టీకాల బాబు చక్రం గాలిలో పట్టుకుని, తొందరపెట్టకుండా, నావైపు చూస్తూ ఆగాడు. నేను ఆయన చేతి మీద నా చెయ్యి వేశాను.

"నాది" అన్నాను.

ఎవరికీ వినబడి ఉండదు. ఆ పిల్ల చెయ్యి కదల్చకుండా నా మొహంలోకి చూసింది.

"గట్టిగ" అంది.